నిప్పు, విషం, ఆయుధం, కబురు – ఆమ్లజని చరిత్రలో నాలుగు మాటలు



తెలుగు పండిత శిక్షణ పొంది, ఉద్యోగకాలమంతా బడిలో ఛందోవ్యాకరణాలు చెప్పుకొని బ్రతికినవానికి జీవకణంలోని రసాయనంతో పనేమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నా పని మాటలతోనే. విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకాలలో జంటగా కనబడే రెండు మాటలు ఆక్సీకరణం, క్షయకరణం నన్ను చాలాకాలంగా వెంటాడుతున్నాయి. పైగా పదవీవిరమణ చేసిన నా ఈడువారిలో చాలామంది ఉదయం కాఫీకి ముందే ‘ఆక్సీకరణను అరికట్టే’ మాత్ర ఒకటి వేసుకొంటున్నారు. ఆక్సీకరణమంటే శత్రువనీ, దానిని ఎంత అణచివేస్తే ఒంటికి అంత మేలనీ వారి నమ్మకం. ఆ నమ్మకం ఎక్కడ పుట్టింది, ఎంతవరకు నిలిచింది అని పుస్తకాలు తిరగవేయగా, ఒక చక్కని చరిత్ర బయటపడింది. రెండు శతాబ్దాలకు పైబడిన ఆ కథలో ఆమ్లజని మొదట నిప్పుగా, తరువాత విషంగా, ఆపైన ఆయుధంగా, చివరకు కబురుగా కనిపిస్తుంది. ఆ నాలుగు మజిలీలను వరుసగా చెప్పడమే ఈ టపా ఉద్దేశం.

నిప్పు

ముందు వాపు సంగతి. ముల్లు గుచ్చుకొన్నచోట చర్మం ఎర్రబడుతుంది, ఉబ్బుతుంది, వేడెక్కుతుంది, నొప్పి పుడుతుంది. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో సెల్సస్ అనే రోమన్ రచయిత తన వైద్యగ్రంథంలో ఈ నాలుగు లక్షణాలను ఒకచోట చేర్చి చెప్పాడు. అవయవం పనిచేయకపోవడమనే ఐదవ లక్షణం తరువాతి కాలంలో చేరింది. ఆంగ్లంలో దీనికి వాడే ‘ఇన్‌ఫ్లమేషన్’ అన్న మాటకు లాటిన్ మూలంలో అర్థం నిప్పంటించడం. మన ఆయుర్వేదం ‘శోథ’ అన్నది. ఉబ్బడం ఆ మాటకు ప్రాణం. పడమటివారి చూపు వేడి మీద, మనవారి చూపు వాపు మీద నిలిచిందన్నమాట. ఈ టపాలో నేను శోథ అనే మాటనే వాడుతాను.

ఇక ఆమ్లజని. 1774లో ఇంగ్లండులో ప్రీస్ట్‌లీ పాదరస భస్మాన్ని వేడిచేసి ఆ వాయువును పట్టాడు. అంతకుముందే స్వీడన్‌లో షీలే దానిని వేరుగా కనుగొన్నాడు. అది ఏమిటో సరిగా గ్రహించినవాడు పారిస్ నగరపు లవోజియే. మండటమంటే పదార్థం ఈ వాయువుతో కలవడమేనని ఆయన తేల్చాడు. ఆమ్లాలన్నింటిలోనూ ఇదే ఉంటుందని తలచి, 1777లో ‘ఆమ్లాన్ని పుట్టించేది’ అన్న అర్థంలో గ్రీకు మాటలతో దానికి పేరు కట్టాడు. ఆ ఊహ నిలవలేదు. ఉప్పునుండి తీసే ఘాటైన ఆమ్లంలో ఉదజని, క్లోరీను తప్ప ఆమ్లజని లేదని 1810లో డేవీ చూపించాడు. అయినా పేరు మారలేదు. దానిని మనవారు ‘ఆమ్లజని’ అని అక్షరాలా తెలిగించడంతో లవోజియే పొరపాటు మన భాషలోనూ భద్రంగా ఉండిపోయింది.

రెండవ మాట కథ ఇంకా విచిత్రం. ‘రిడక్షన్’ అన్న మాటకు లాటిన్‌లో ‘వెనుకకు నడిపించడం’ అని అర్థం. ఖనిజాన్ని బొగ్గుతో కాల్చి లోహాన్ని రాబట్టినప్పుడు, భస్మమైన లోహం తన మొదటి రూపానికి తిరిగివచ్చిందన్న భావన అందులో ఉంది. అలా చేసినప్పుడు ఆమ్లజని పోయి బరువు తగ్గుతుంది కనుక మన పాఠ్యపుస్తకకర్తలు దానిని ‘క్షయకరణం’ అన్నారు. నేటి నిర్వచనం ప్రకారం ఆక్సీకరణమంటే ఎలక్ట్రానును పోగొట్టుకోవడం, క్షయకరణమంటే ఎలక్ట్రానును పొందడం. పోగొట్టుకొనేదానికి కరణమనీ, పొందేదానికి క్షయమనీ పేర్లు! మాటల అర్థాన్ని పట్టుకొని పోయే విద్యార్థి ఇక్కడ బోల్తాపడక తప్పదు. పేరులోనే క్షయం ఉన్న ఈ క్రియ నిజానికి మరమ్మతు, పునరుద్ధరణ. ఈ మాట గుర్తుంచుకోండి. ముందుముందు పనికి వస్తుంది.

1783 ప్రాంతంలో లవోజియే, లాప్లాస్ కలిసి ఒక గినీపందిని మంచు పేర్చిన పాత్రలో ఉంచి, దాని ఒంటివేడికి ఎంత మంచు కరిగిందో, అది ఎంత బొగ్గుపులుసు గాలిని విడిచిందో కొలిచారు. మండే బొగ్గుతో ఆ లెక్కను సరిపోల్చి, ఊపిరి తీయడమంటే మెల్లగా మండడమేనని నిర్ణయించారు. జఠరాగ్ని అన్న మాట ఎరిగిన మనకు ఇది కొత్తగా తోచదు గాని, అగ్నిని తూచి చూపడం మాత్రం కొత్త. ప్రాణం నిప్పు మీద నడుస్తున్నదని లోకం నమ్మింది. లవోజియేను 1794లో విప్లవ ప్రభుత్వం గిలటిన్ కింద బలిపెట్టింది. ఆయన చెప్పిన నిప్పు మాత్రం ఆరలేదు.

విషం

నిప్పు వంట వండుతుంది, ఇల్లూ కాలుస్తుంది. ఆమ్లజనికున్న రెండవ ముఖం ఇరవయ్యో శతాబ్దం నడుమ బయటపడింది, అదీ పసిపిల్లల కళ్ళను బలిగొని. 1940, 50 దశకాలలో నెలలు నిండకుండా పుట్టిన శిశువులను బ్రతికించడానికి వైద్యులు ధారాళంగా ఆమ్లజని అందించారు. శిశువులు బ్రతికారు గాని, వేలమందికి చూపు పోయింది. కారణం మితిమీరిన ఆమ్లజనియేనని 1950ల నడుమ అమెరికాలో జరిగిన పెద్ద పరిశీలన రుజువుచేసింది. ప్రాణవాయువు అన్న పేరుకే మచ్చ వచ్చిన కాలమది.

1954లో రెబెకా గెర్ష్‌మన్ అనే అర్జెంటీనా శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి, అధిక ఆమ్లజని చేసే చెరుపు, ఎక్స్ కిరణాలు చేసే చెరుపు ఒకే దారిన జరుగుతున్నాయని ప్రతిపాదించారు. రెండింటిలోనూ ఒంటరి ఎలక్ట్రానుతో తిరిగే ఉగ్రమైన అణువులు పుట్టి, కనబడినదానినల్లా కొరుకుతాయని ఆమె వాదం. రెండేళ్ళకు, 1956లో, ముసలితనానికి కూడా ఇవే కారణమని డెన్‌హామ్ హార్మన్ అన్నాడు. నేటి మాత్రల వ్యాపారానికి బీజం పడింది ఇక్కడే.

అయితే ఇటువంటి అణువులు ఆరోగ్యవంతమైన ఒంట్లో నిజంగా పుడుతున్నాయా? దీనికి సమాధానం 1969లో వచ్చింది. 1938లోనే ఇంగ్లండులో రక్తంనుండి రాగి కలిసిన ఒక మాంసకృత్తును వేరుచేసి పెట్టారు. అది ఏం పనిచేస్తుందో ముప్పై ఏళ్ళపాటు ఎవరికీ తెలియదు. పనీపాటా లేకుండా అరుగు మీద కూర్చొన్న బంధువులా చూశారు దానిని. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఇర్విన్ ఫ్రిడోవిచ్, ఆయన శిష్యుడు జో మెకార్డ్ దాని పని కనుగొన్నారు. ఒక ఎలక్ట్రాను అదనంగా చేరిన ఆమ్లజని, అంటే సూపరాక్సైడు, కనబడగానే దానిని శాంతపరచి హైడ్రోజన్ పెరాక్సైడుగా మార్చడం దాని వృత్తి. కాపలాదారు ఉన్నాడంటే దొంగ ఉన్నట్లే కదా! ఉగ్రాణువులు ఒంట్లో నిత్యం పుడుతున్నాయని లోకం ఒప్పుకొన్నది. 1985లో జర్మన్ శాస్త్రవేత్త హెల్ముట్ సీస్ ‘ఆక్సీకరణ ఒత్తిడి’ అన్న భావనకు పేరు పెట్టాడు. ఆమ్లజని మీద విషమన్న ముద్ర గట్టిపడింది.

ఆయుధం

విషాన్ని శత్రువు మీద ప్రయోగిస్తే ఆయుధమవుతుంది. ఈ మజిలీకి వెళ్ళాలంటే కొంచెం వెనుకకు నడవాలి. 1882లో సిసిలీ దీవిలోని మెస్సీనాలో ఉన్న రష్యన్ శాస్త్రవేత్త మెచ్నికాఫ్, అద్దంలా పారదర్శకమైన నక్షత్రచేప పిల్లలోనికి ముల్లు గుచ్చి ఉంచాడు. మరునాటికి తిరుగాడే కణాలు ఆ ముల్లు చుట్టూ మూగాయి. శోథ రోగం కాదు, రక్షణ అని ఆయన గ్రహించాడు. ఆ కృషికే 1908లో నోబెల్ బహుమతి పంచుకొన్నాడు.

ఆ భక్షకకణాలు సూక్ష్మక్రిములను మ్రింగేటప్పుడు ఆమ్లజనిని ఒక్కసారిగా ఎక్కువగా పీల్చుకొంటాయని 1933లో బాల్డ్‌రిడ్జ్, జెరార్డ్ గమనించారు. శ్రమపడేవాడు ఎక్కువ ఊపిరి పీలుస్తాడు కదా, అందులో వింతేముంది అనుకొన్నారు. కాని మామూలు శ్వాసను ఆపే సయనైడు ఈ ఊపిరిని ఆపలేకపోయిందని తరువాత తేలింది. అంటే అది బలం కోసం తీసే ఊపిరి కాదు. మరి దేనికి? 1961లో ఆ కణాలు హైడ్రోజన్ పెరాక్సైడును తయారుచేస్తున్నాయని చూశారు. 1973లో బెర్నార్డ్ బెబియర్, ఆయన సహచరులు ఆ తెల్ల రక్తకణాలు ముందుగా సూపరాక్సైడును పుట్టిస్తున్నాయని నిరూపించారు. డ్యూక్ పండితులు విషమని చెప్పినదానిని మన కణాలు కావాలని, పనిగట్టుకొని తయారుచేస్తున్నాయి!

ఈ ఆయుధం లేకపోతే ఏమవుతుందో మొదట చూపినవారు రోగపీడితులైన పిల్లలు. 1957లో అమెరికాలోని మిన్నెసోటా వైద్యులు ఒక బాల్యవ్యాధిని వర్ణించారు. ఆ మగపిల్లలకు మాటిమాటికీ చీముగడ్డలు లేచేవి. గ్రంథులు, ఊపిరితిత్తులు, కాలేయం పుండ్లు పడేవి. వారి రక్తంలో తెల్లకణాలకు కొదవలేదు. ఆనాటి మందులతో చాలామంది చిన్నతనంలోనే చనిపోయేవారు. ఆ వ్యాసం శీర్షికలోనే ‘ప్రాణాంతకం’ అన్న మాట ఉంది. 1967లో అదే మిన్నెసోటాలో గుట్టు విడింది. ఈ పిల్లల భక్షకకణాలు క్రిములను మ్రింగుతాయి గాని, ఆ సమయంలో రావలసిన అదనపు ఊపిరి రాదు. మ్రింగిన క్రిములు లోపలే హాయిగా బ్రతుకుతాయి. 1986లో ఈ వ్యాధికి ముఖ్యకారణమైన జన్యువును ఎక్స్ క్రోమోజోము మీద పట్టుకొన్నారు. తల్లినుండి కొడుకుకు ఎందుకు సంక్రమిస్తుందో తేలింది. నేడు క్రిమినాశక మందులు, మూలుగు మార్పిడి వంటి చికిత్సలతో ఈ పిల్లలలో చాలామంది పెద్దవారై బ్రతుకుతున్నారు.

కథ ఇక్కడితో ముగిస్తే బాగానే ఉండేది. కాని ఆ పిల్లలలోనే ఒక చిక్కుప్రశ్న దాగి ఉంది. ఆయుధం లేని సైన్యం యుద్ధం చేయలేదు కదా! అలాంటప్పుడు వారి ఒంట్లో శోథ తక్కువ ఉండాలి. జరిగింది తలక్రిందులు. వారికి శోథ మితిమీరి ఉండేది. ఎటువంటి క్రిమీ దొరకనిచోట కూడా గడ్డలు కట్టేవి, ప్రేగులు వాచి పుండ్లు పడేవి. ఇదే వ్యాధి కల్పించిన ఎలుకల ఊపిరితిత్తులలో చచ్చిన బూజుపోగులను వేసి చూసినా, ఆరోగ్యమైన ఎలుకలకంటే ఘోరంగా శోథ లేచిందని 1997లో తెలిసింది. చచ్చినదానితో యుద్ధమేమిటి? ఆక్సీకరణమే శోథకు కారణమైతే, ఆక్సీకరణ లేనిచోట శోథ ఎందుకు పెరగాలి? నిప్పు, విషం, ఆయుధం అన్న మూడు మాటలలో ఏదీ ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు.

కబురు

జవాబు కోసం కణం లోపలికి వెళ్ళాలి. 1986లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ ఒక మాంసకృత్తును కనుగొన్నారు. దాని పేరు ఎన్‌ఎఫ్ కప్పా బి. శోథకు కావలసిన జన్యువులను మేల్కొలిపే పెద్ద పెత్తందారు ఇదే. మామూలు సమయంలో ఇది కేంద్రకం బయట, కణద్రవ్యంలో పడి ఉంటుంది. ‘ఐ కప్పా బి’ అనే కావలిమనిషి దీనిని కట్టి ఉంచుతాడని 1988లో పాట్రిక్ బోయెర్లె, బాల్టిమోర్ చూపారు. ప్రమాదవార్త వచ్చినప్పుడు ఒక ఎంజైము ఆ కావలిమనిషికి ఫాస్ఫేటు ముద్ర వేస్తుంది; ముద్ర పడినవాడు నాశనమవుతాడు; విడుదలైన పెత్తందారు కేంద్రకంలోనికి పోయి డి.ఎన్.ఏ.ను పట్టుకొంటాడు. ఈ ఫాస్ఫేటును ఇచ్చేది ఏ.టి.పి. అనే శక్తినిధి. దానిని 1929లో కండరంలో గుర్తించినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరని తలచుకొంటే ఒళ్ళు పులకరిస్తుంది.

1991లో మ్యూనిక్‌లో బోయెర్లె బృందం ఒక ప్రయోగం చేసింది. కణాలకు కొద్దిపాటి హైడ్రోజన్ పెరాక్సైడు తగిలించగానే ఎన్‌ఎఫ్ కప్పా బి మేల్కొన్నది. ఆక్సీకరణను తగ్గించే ఎన్-అసిటైల్ సిస్టీన్ అనే మందు ముందుగా ఇస్తే, ఎన్నో రకాల ప్రమాదవార్తలు వచ్చినా అది లేవలేదు. పెరాక్సైడు విషమూ ఆయుధమూ మాత్రమే కాదనీ, కణం లోపల వార్తాహరుడనీ వారు ప్రతిపాదించారు. ఆక్సీకరణ శోథను లేపుతుంది, క్షయకరణ అణుస్తుంది అని సూత్రం సులువుగా కుదిరింది.

సులువైన సూత్రాలు ఎక్కువకాలం నిలవవు. దాదాపు అదే సమయంలో, 1991-92లలో, మరికొందరు కణం బయట పరీక్షనాళికలో చూస్తే ఫలితం ఎదురుతిరిగింది. ఆక్సీకరణ పొందిన ఎన్‌ఎఫ్ కప్పా బి డి.ఎన్.ఏ.ను పట్టుకోలేకపోయింది! దానిని క్షయకరిస్తేనే పట్టు చిక్కింది. కీలకం ఆ మాంసకృత్తులో 62వ స్థానంలో ఉన్న సిస్టీన్ అనే గంధకపు ముక్క.

ఈ గంధకం సంగతి నాకు వ్యాకరణంలా తోస్తుంది. రెండు సిస్టీన్లు పక్కపక్కకు వచ్చినప్పుడు ఆక్సీకరణ జరిగితే, రెండింటి కొసలనున్న ఉదజనులు రాలిపోయి గంధకమూ గంధకమూ కలిసిపోతాయి. ‘రాముడు, అతడు’ కలిసినప్పుడు నడుమ ఉకారం లోపించి ‘రాముడతడు’ అయినట్లే. సంధి జరిగితే రూపం మారుతుంది. రూపం మారితే దానితో వేరొకటి జతపడే తీరు మారుతుంది. క్షయకరణం పదచ్ఛేదం వంటిది. రాలిపోయిన ఉదజనులను మళ్ళీ ఇచ్చి, కలిసిన రెండింటినీ విడదీస్తుంది. వ్యాకరణంలో సంధిని విడగొట్టడానికి పండితుడు కావాలి. కణంలో ఆ పండితుని పేరు థయోరెడాక్సిన్. 1964లో స్వీడన్ శాస్త్రవేత్తలు దీనిని బాక్టీరియాలో కనుగొన్నారు. జపానులో జుంజి యొదోయ్ బృందం ఒక రకమైన రక్తకాన్సరు కణాలు స్రవించే పదార్థాన్ని పరిశీలించి, అది మనుష్యులలోని థయోరెడాక్సినేనని 1989లో గుర్తించింది. ఎన్‌ఎఫ్ కప్పా బిలోని ఆ సంధిని ఇదే విడదీస్తుందని 1992లో తేలింది.

అంటే ఒకచోట ఆక్సీకరణ శోథను లేపుతున్నది, మరొకచోట క్షయకరణ లేపుతున్నది. ఏది నిజం? రెండూ నిజమే. 1999లో యొదోయ్ బృందమే ఈ చిక్కు విప్పింది. థయోరెడాక్సిన్ కణద్రవ్యంలో ఎక్కువగా ఉంటే కావలిమనిషి నాశనం కాకుండా కాపాడి, పెత్తందారును కట్టుబడిలోనే ఉంచుతుంది. అదే థయోరెడాక్సిన్ కేంద్రకంలో ఎక్కువగా ఉంటే పెత్తందారు గంధకాన్ని శుద్ధిచేసి, డి.ఎన్.ఏ.ను గట్టిగా పట్టుకొనేలా చేస్తుంది. కలత సోకినప్పుడు థయోరెడాక్సిన్ తానే కణద్రవ్యంనుండి కేంద్రకంలోనికి నడిచిపోతుంది. ఒకే అక్షరం పదాదిని ఒక పని, పదాంతాన మరొక పని చేసినట్లు, ఒకే క్రియకు స్థానాన్నిబట్టి అర్థం మారుతున్నది.

అక్కడితోనూ వాదం ఆగలేదు. 2001లో వెర్మాంట్ శాస్త్రవేత్తలు, పెరాక్సైడు ఎక్కువైతే కావలిమనిషికి ముద్రవేసే ఎంజైమునే అది పనిచేయకుండా చేస్తుందని చూపారు. ఆ ఎంజైములో 179వ స్థానపు సిస్టీన్ అక్కడ కీలకమని 2006లో తేల్చారు. 2003లో మైకేల్ కరీన్ బృందం మ్యూనిక్ సిద్ధాంతాన్నే ప్రశ్నించింది. ఎన్-అసిటైల్ సిస్టీన్ శోథను ఆపేది ఆక్సీకరణను తగ్గించి కాదనీ, ప్రమాదవార్తను అందుకొనే గుమ్మాన్నే చెడగొట్టడంవల్లననీ వారు నిరూపించారు. ఒక సిద్ధాంతం గెలిచి మరొకటి ఓడిందని చెప్పడానికి వీలులేదు. ఎంత పెరాక్సైడు, ఏ కణంలో, ఏ క్షణాన, ఏ గదిలో అన్న నాలుగు ప్రశ్నలు వేయకుండా ఆక్సీకరణ మంచిదా చెడ్డదా అని అడగడం వ్యర్థమని మాత్రం అందరికీ తెలిసివచ్చింది.

కబురు ప్రయాణాన్ని కళ్ళారా చూసే భాగ్యం 2009లో కలిగింది. హార్వర్డులో ఫిలిప్ నీథామర్, తిమొతి మిచిసన్ మొదలైనవారు గాజులాంటి జీబ్రాచేప పిల్లల తోకను కొంచెం కత్తిరించి, పెరాక్సైడు తగిలితే వెలుగు మారే మాంసకృత్తు ద్వారా గమనించారు. గాయపు అంచునుండి పెరాక్సైడు అలలా లోపలికి వ్యాపించింది. తెల్లకణాలు ఆ తరువాత వచ్చాయి. ఆ పెరాక్సైడును తయారుచేసినవి చర్మకణాలే. దానిని తయారుకానీయకుండా ఆపితే తెల్లకణాలు గాయం వద్దకు సరిగా రాలేదు. అంటే సైన్యం వచ్చి ఆయుధం తీయకముందే, అదే పదార్థం ‘రండి’ అన్న కేక అయింది. ఆ కేకను వినే చెవి తెల్లకణంలోని లిన్ అనే ఎంజైములో, 466వ స్థానంలోని సిస్టీన్ అని 2011లో తేలింది. మళ్ళీ గంధకమే! మెచ్నికాఫ్ నక్షత్రచేపలో ముల్లు గుచ్చిన 127 ఏళ్ళకు, ఆ కణాలను పిలిచే పిలుపులలో ఒకటి దొరికింది.

ఆర్పే కబురు

ఇప్పుడు ఆ పిల్లల చిక్కుప్రశ్నకు తిరిగి వద్దాం. జపానులో మసయుకి యమమోటో బృందం 1990ల చివర ఇంకొక జంటను వెలికితీసింది: కీప్1, ఎన్‌ఆర్‌ఎఫ్2. కీప్1 తన జోడీని ఎప్పటికప్పుడు పట్టి నాశనానికి పంపుతుంటుంది. దాని గంధకాలకు ఆక్సీకరణ సోకితే పట్టు సడలుతుంది. బ్రతికి బయటపడ్డ ఎన్‌ఆర్‌ఎఫ్2 కేంద్రకంలోనికి పోయి, గ్లుటాథయోన్ వంటి క్షయకరణ సామగ్రిని తయారుచేయించి ఇల్లు చక్కదిద్దిస్తుంది. అంతేగాక, శోథను రేపే రెండు ముఖ్యజన్యువులు ఐ.ఎల్.6, ఐ.ఎల్.1 బీటా మేల్కొనకుండా తానే అడ్డుపడుతుందని 2016లో వారు చూపారు. నిప్పు రాజేసే కబురులోనే నిప్పు ఆర్పే కబురు కూడా ఉంది. మొదటి అక్షరం ‘రండి’ అంటే, చివరి అక్షరం ‘ఇక చాలు’ అంటుంది. ఆక్సీకరణ పుట్టని పిల్లలలో ఆ చివరి అక్షరం పలకదు. వారి రోగంలో ఎలుకలను చూసిన అమెరికన్ శాస్త్రవేత్తలు, ఎన్‌ఎఫ్ కప్పా బి విజృంభించడాన్నీ, ఎన్‌ఆర్‌ఎఫ్2 మందగించడాన్నీ 2010లో కలిపి చూపారు.

ఇంకొక సాక్ష్యం స్వీడన్‌నుండి వచ్చింది. లుండ్ విశ్వవిద్యాలయంలో రికార్డ్ హోమ్‌డాల్ బృందం, కొన్ని ఎలుకలకు కీళ్ళవాతం ఎందుకు ఎక్కువగా వస్తున్నదో జన్యువులలో వెతికింది. 2003లో దొరికిన దోషి ఎన్‌సిఎఫ్1. ఆక్సీకరణ ఆయుధాన్ని బిగించే యంత్రంలో ఒక మర ఇది. ఆయుధం గట్టిగా పనిచేసే ఎలుకలకే కీళ్ళు ఎక్కువగా వాచాలి కదా? ఆయుధం నీరసించిన ఎలుకలకే కీళ్ళవాతం ఘోరంగా వచ్చింది. మనుష్యులలోనూ ఇదే జన్యువులో ఆక్సీకరణ తగ్గించే ఒక మార్పు లూపస్ అనే వ్యాధికి దగ్గరి చుట్టమని 2017లో తెలిసింది.

మాత్రల మాట

ఇక మన ఉదయపు మాత్రల దగ్గరకు. ఫిన్లండ్‌లో 29,133 మంది పొగత్రాగే పురుషులకు బీటా కెరోటిన్, విటమిన్ ఇ మాత్రలు ఇచ్చి ఏళ్ళతరబడి చూశారు. ఫలితం 1994లో వచ్చింది. బీటా కెరోటిన్ వేసుకొన్నవారిలో ఊపిరితిత్తుల కాన్సరు 18 శాతం ఎక్కువైంది. విటమిన్ ఇ ఆ కాన్సరును తగ్గించలేదు. అమెరికాలో 18,314 మందితో, బీటా కెరోటిన్‌కు విటమిన్ ఎ జోడించి చేసిన మరొక ప్రయోగంలో కాన్సరు 28 శాతం ఎక్కువ కనబడటంతో 1996 జనవరిలో మాత్రలు మధ్యలోనే ఆపివేశారు. ఈ లెక్కలు కూరగాయలకూ పండ్లకూ వర్తించవు. మోతాదు పెంచి మాత్రగా కట్టినవాటికి, అందులోనూ పొగత్రాగేవారికి సంబంధించినవి. అయినా, ఆక్సీకరణను ఎంత అణిస్తే అంత మేలు అన్న సూత్రానికి ఇంతకంటే గట్టి దెబ్బ అక్కరలేదు.

దీనికి ఎదురుగా మరొక కథ ఉంది. 1959లో సోరియాసిస్‌తో బాధపడుతున్న ష్వెకెన్‌డీక్ అనే జర్మన్ రసాయనవేత్త ఫ్యూమరిక్ ఆమ్లపు రూపాలను తనమీదనే ప్రయోగించుకొని గుణం చూశాడు. ఆ కుదురులోని డైమిథైల్ ఫ్యూమరేట్‌ను 2013లో అమెరికా నరాలను దెబ్బతీసే ఒక శోథవ్యాధికి మందుగా అనుమతించింది. ఇది ఆక్సీకరణను తుడిచే పదార్థం కాదు. కీప్1 గంధకాలను మెల్లగా గిల్లి, ఆర్పే కబురును తానే పలికించడం దాని పనితీరులో ఒకటి. నిప్పును నీటితో కొట్టడం కాక, ఇంటివారిని నిద్రలేపడం అన్నమాట. వైద్యుని పర్యవేక్షణలో వాడే మందు అది. నేను చెప్పేది అందులోని నీతి.

అలంకారశాస్త్రం చదివినవారికి ఈ నీతి కొత్తది కాదు. క్షేమేంద్రుడు ఔచిత్యమే కావ్యానికి ప్రాణమన్నాడు. మెడలో వేసుకోవలసిన హారం నడుముకు చుట్టుకొంటే అది ఆభరణం కాదు. తగినచోట, తగినంత, తగినవేళ కలిగిన ఆక్సీకరణ రక్షణ, అలా కలిగిన క్షయకరణ శాంతి. చోటు తప్పితే రెండూ రోగాలే. ఆమ్లజనికి నిప్పు, విషం, ఆయుధం అన్న పేర్లు పెట్టినవారెవరూ అబద్ధం చెప్పలేదు. కబురు అన్న నాలుగవ పేరు వచ్చాకనే మిగిలిన మూడింటికీ సందర్భం కుదిరింది.

చివరగా ఒక విన్నపం. పోయినదానిని తిరిగి ఇచ్చి మాంసకృత్తు రూపాన్ని నిలబెట్టే క్రియకు ‘క్షయకరణం’ అన్న మాట నా చెవికి ఇంపుగా లేదు. వినగానే జబ్బు గుర్తుకువస్తున్నది. ‘వెనుకకు నడిపించడం’ అన్న మూలార్థాన్ని బట్టి ‘ప్రత్యానయనం’ అనవచ్చునేమో గాని, అది బడిపిల్లల నోరు తిరిగే మాట కాదు. మీలో విజ్ఞానశాస్త్రం చదివినవారున్నారు, మాటలు పుట్టించే నేర్పు గలవారున్నారు. తేలికైన తెలుగు మాట తోస్తే వ్యాఖ్యలో వ్రాయండి. బడికి పోయే మనుమరాలికి ముందుగా ఆ మాటే నేర్పుతాను.